కనబడని పూత: మన కట్టడాలకు ఏ సీలర్ మంచిది?



మన సొసైటీకి సాయం అందిస్తున్న దాతల్లో చాలామంది ఏటా అడిగే ప్రశ్న ఒకటుంది. "గోడకు రంగు వేయిస్తే సరిపోదా? మధ్యలో ఈ సీలర్ ఖర్చు ఎందుకు?" అడగడంలో తప్పేమీ లేదు. రంగు కంటికి కనబడుతుంది. ఫ్యాను తిరుగుతుంది, వాటర్ కూలర్ మీద మర్హూమ్ తల్లిదండ్రుల పేరు రాయించుకోవచ్చు. సీలర్ సంగతి వేరు. మంచి సీలర్ వేసిన గోడ, వేయకముందు ఎలా ఉందో వేసిన తరువాత కూడా అలాగే ఉంటుంది. డబ్బు ఎటు పోయిందో చూపించమంటే చూపించడానికి ఏమీ ఉండదు. అందువల్ల ఈ పద్దుకు చందా రావడం కష్టం. వచ్చిన కాస్త డబ్బుతో దుకాణంవాడు ఏది ఇస్తే అది పూసి పోయేవారికీ కొదవలేదు. యతీంఖానా పైకప్పు నుంచి పెచ్చులూడి పిల్లల మంచాల మీద పడేదాకా ఈ విషయం ఎవరికీ గుర్తు రాదు. అందుకే ఈ ఏడాది సంచికలో ఈ సంగతి వివరంగా రాస్తున్నాం.

కాంక్రీటు చూడటానికి రాయిలా ఉంటుంది గాని నీటి విషయంలో అది రాయి కాదు. సిమెంటు గట్టిపడగా మిగిలిన నీరు ఆవిరైపోయి, లోపల వెంట్రుక కన్నా సన్నని దారులు వదిలిపెడుతుంది. దీపం వత్తి నూనెను పీల్చినట్టు ఆ దారులు వాన నీటిని పీలుస్తాయి. నీరు ఒక్కటే వస్తే ఎండకు ఆరిపోయేది. దానితోపాటు ఉప్పు వస్తుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు కూడా అవే దారుల్లో లోపలికి చేరుతుంది. కొత్త కాంక్రీటులో క్షారం బాగా ఎక్కువ, పీహెచ్ 12.5 పైన ఉంటుంది. ఆ క్షారమే లోపలి ఇనుప కమ్మీలను తుప్పు పట్టకుండా కాపాడుతుంది. బొగ్గుపులుసు వాయువు ఏళ్ల తరబడి ఆ క్షారాన్ని తినేస్తూ పోతుంది. పీహెచ్ 9 దగ్గరికి దిగేసరికి కమ్మీకి ఆ కాపలా ఉండదు. సముద్రపు ఉప్పు కమ్మీదాకా చేరితే క్షారం మిగిలి ఉన్నా తుప్పు మొదలవుతుంది. తుప్పు పట్టిన ఇనుము రెండింతల నుంచి ఆరింతల దాకా చోటు ఆక్రమిస్తుంది. ఆ ఉబ్బుకు పైన ఉన్న కాంక్రీటు పగిలి పెచ్చుగా ఊడిపోతుంది.

మన నెల్లూరు ప్రాంతంలో ఈ పని త్వరగా జరగడానికి కారణాలున్నాయి. సముద్రపు గాలి ఉప్పును మోసుకొస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటి గోడను కాల్చుతుంది. ఆ తరువాత అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన, మధ్యలో తుపాను. కాలడం, తడవడం, మళ్లీ కాలడం. కాంక్రీటు నిర్మాణాలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456, కమ్మీ మీద కాంక్రీటు మందం మామూలు చోట 20 మిల్లీమీటర్లు ఉంటే చాలంటుంది. అదే తీరపు వాతావరణానికి తెరుచుకుని ఉన్న చోట 45 కావాలంటుంది. మన పాత కట్టడాల సన్‌షేడ్లలో, పిట్టగోడల్లో అంత మందం ఎక్కడిది? లేని మందాన్ని ఇప్పుడు తెచ్చిపెట్టలేం. నీరు, ఉప్పు లోపలికి పోయే వేగాన్ని మాత్రం తగ్గించగలం. సీలర్ చేసే పని అంతవరకే. అంతకు మించి ఎవరు హామీ ఇచ్చినా నమ్మనక్కరలేదు.

డబ్బా కొనేముందు తేల్చుకోవలసినది నీరు ఎక్కడి నుంచి వస్తోంది అన్నది. శ్లాబుకు వాటం లేక వాన నీరు రెండు రోజులు నిలబడుతుంటే, తూము పూడిపోయి ఉంటే, పిట్టగోడ శ్లాబును కలిసే మూల బీట వారి ఉంటే, గోడలో పంపు గొట్టం కారుతుంటే, వీటిలో ఏదీ సీలర్‌తో తీరే జబ్బు కాదు. వాటం సరిచేయాలి, మూల గుండ్రంగా పూడ్చాలి, గొట్టం మార్చాలి. ఇవేవీ చూడకుండా, మిద్దె ఎక్కకుండా, కింద నిలబడి చదరపు అడుగుకు ధర చెప్పే కాంట్రాక్టరుకు పని ఇవ్వకపోవడం మంచిది.

ఇక సీలర్ల సంగతి. బజారులో వందల పేర్లు కనబడతాయి గాని స్థూలంగా అవి రెండు కుటుంబాలు. ఒకటి పైన పొరగా నిలిచేది, రెయిన్‌కోటు లాంటిది. ఇంకొకటి లోపలికి ఇంకిపోయేది. తామరాకు మీద నీటిబొట్టు ఎలా నిలవకుండా జారిపోతుందో, ఇది ఇంకిన గోడ మీద వాన అలా జారిపోతుంది. ఈ రెండింటి తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే.

ఇంకిపోయే రకంలో ముఖ్యమైనవి సిలేన్, సిలోక్సేన్. ఇవి సన్నని దారులను మూసివేయవు. దారి గోడలకు అంటుకుని, నీటిని పీల్చుకునే గుణాన్ని మాత్రం తీసేస్తాయి. అందువల్ల బయటి వాన లోపలికి పోదు, లోపలి చెమ్మ మాత్రం ఆవిరిగా బయటికి వెళ్లగలదు. మేస్త్రీల మాటలో చెప్పాలంటే గోడకు ఊపిరి ఆడుతుంది. సిలేన్ అణువు చిన్నది కాబట్టి దట్టమైన కాంక్రీటులోకి కొన్ని మిల్లీమీటర్ల లోతు దిగుతుంది. దూలాలు, స్తంభాలు, సన్‌షేడ్లకు అది తగినది. సిలోక్సేన్ అణువు పెద్దది. రంధ్రాలు ఎక్కువగా ఉండే ఇటుకకు, సిమెంటు దిమ్మెకు అది సరిపోతుంది. రెండూ కలిపి అమ్మే రకాలు కూడా ఉన్నాయి, ఇటుక, కాంక్రీటు కలిసి ఉన్న గోడకు అవి అనువు. ఇవి సాధారణంగా అయిదు నుంచి పదేళ్ల దాకా పనిచేస్తాయి. లోపల ఉండటంవల్ల ఎండ వీటిని అంత త్వరగా చెరచలేదు. అయితే వీటికి చేతకాని పనులూ ఉన్నాయి. కంటికి కనబడే బీటను ఇవి మూయలేవు. నిలవ నీటి ఒత్తిడికి ఆగవు. పాత రంగు ఉన్న గోడలోకి ఇంకవు, ముందుగా ఆ రంగు గీకివేయాలి.

పొరగా నిలిచేవాటిలో ఆక్రిలిక్ చవక. ఎండకు పచ్చబడదు, మెరుపు ఇస్తుంది. రెండు మూడేళ్లకు అరిగిపోతుంది, మళ్లీ వేయాలి. ఎపాక్సీ గట్టి పొర. నూనెకు, రాపిడికి ఆగుతుంది. కాని ఎండ తగిలిందంటే పసుపు పచ్చగా మారి పొడి రాలుతుంది, అందుకే అది ఇంటి లోపలికే. పాలీయురేతేన్ ఖరీదు ఎక్కువ, ఎండకు ఆగే రకం దొరుకుతుంది, ఎపాక్సీ మీద చివరి పూతగా వేయడం కూడా ఉంది. ఈ కుటుంబానికంతటికీ ఉన్న లోపం ఒకటే: వెనకనుంచి చెమ్మ వస్తే అది బయటికి పోలేక పొరను బుడగలుగా లేపుతుంది.

సిలికేట్ అనే మూడో రకం ఒకటుంది. అది కాంక్రీటులో మిగిలిన సున్నంతో కలిసి గట్టి పదార్థంగా మారి నేలను దృఢపరుస్తుంది. దుమ్ము లేచే సిమెంటు గచ్చుకు మంచి మందు. నీటిని తరిమే గుణం దానికి లేదు. దుకాణాల్లో దాన్ని కూడా "వాటర్‌ప్రూఫ్" అనేసి అమ్ముతుంటారు, అది మాత్రం సరికాదు.

ఇప్పుడు మన కట్టడాల దగ్గరికి వద్దాం. యతీంఖానా సన్‌షేడ్లకు, బయటి దూలాలకు సిలేన్ సరైనది. అయితే ఇప్పటికే కమ్మీ కనబడుతున్న చోట ముందు పెచ్చులు కొట్టి, తుప్పు గీకి, మరమ్మతు మసాలాతో పూడ్చిన తరువాతే. తుప్పు మీద సీలర్ వేయడం పుండు మీద పట్టీ వేసి మందు మరిచినట్టు. క్షారం ఎంత లోతుదాకా పోయిందో తెలుసుకోవడానికి పెద్ద ప్రయోగశాల అవసరం లేదు. పదో తరగతి పిల్లలు బడిలో వాడే ఫినాఫ్తలీన్ ద్రావణం చాలు. అప్పుడే పగలగొట్టిన కాంక్రీటు ముఖం మీద చల్లితే, క్షారం ఉన్న మేర గులాబీ రంగుకు తిరుగుతుంది, పోయిన మేర రంగు మారదు. రంగు మారని మందం కమ్మీదాకా వచ్చిందంటే అది సీలర్‌తో తీరే దశ దాటింది. అప్పుడు ఇంజినీరును పిలవాలి.

యతీంఖానా మిద్దె పైభాగానికి ఇది వర్తించదు. మిద్దె మీద నీరు నిలుస్తుంది, మనుషులు తిరుగుతారు, బట్టలు ఆరేస్తారు. వాటం సరిచేసి, సిమెంటు, పాలిమర్ కలిపిన రెండు భాగాల పూత వేసి, దాని మీద పలచని గచ్చో పలకలో పరచడం మేలు. తాగునీటి ట్యాంకు లోపల వేసే పూత తాగునీటికి పనికివస్తుందని ధ్రువపత్రం ఉన్నదై ఉండాలి. ఇందులో బేరం లేదు.

ఖబ్రస్తాన్ ప్రహరీ ఫ్లైయాష్ ఇటుకతో కట్టినది, పొడవు ఎక్కువ. దానికి సిలోక్సేన్ చాలు. కాని పైన నీరు దిగకుండా ముందు గోడ నెత్తిన వాటం ఉన్న సిమెంటు టోపీ కట్టాలి, అది లేకుండా పక్కలకు ఎంత పూసినా ఫలితం ఉండదు. అడుగున రెండు మూడు అడుగుల మేర తెల్లగా ఉప్పు పూసి ఉంటే అక్కడ ఏ పూతా వేయవద్దు. నేలలోని చెమ్మ ఉప్పును మోసుకుని పైకి వస్తోందన్నమాట. పూత వేస్తే ఆ ఉప్పు పూత వెనకే గడ్డకట్టి ఇటుక ముఖాన్నే ఊడదీస్తుంది.

షాదీఖానా వంటగది నేలకు ఎపాక్సీ. నూనె, పసుపు, చింతపండు పులుసు పడే చోట అదే ఆగుతుంది. వాహనాలు నిలిపే నేలకు సిలికేట్. వుజూఖానా నేల గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాం: మెరిసే పూత ఏదైనా అక్కడ వద్దు. తడి మీద అది జారుతుంది, ఫజ్ర్ వేళ చీకట్లో వచ్చే పెద్దవాళ్లు పడితే తుంటి ఎముక విరుగుతుంది. అక్కడ కడప బండలో షాబాద్ బండలో ఉంటే, ఇంకిపోయే రకం రాతి సీలర్ వాడాలి. ఆ బండలు సున్నపురాళ్లు. పాకుడు పోతుందని యాసిడ్ పోసి కడిగితే రాయే కరిగి గరుకై, మరింత పాకుడు పట్టడానికి చోటిస్తుంది. యాసిడ్ నుంచి వచ్చే క్లోరైడు కాంక్రీటులోకి దిగితే కమ్మీకి కూడా చేటు. సబ్బు నీళ్లు, కొబ్బరి చీపురు చాలు.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త కావలసినది పాత మసీదు గోడ. అది గానుగ సున్నంతో కట్టినది. పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండులో పేటెంటు వచ్చింది 1824లో. దానికి రెండు వందల ఏళ్ల ముందే, 1591లో, హైదరాబాదులో చార్మినార్ లేచింది, రాయి, సున్నంతో. మన తీరంలో గుల్ల సున్నం కాల్చేవారు, దానిలో కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపి నూరేవారు. ఆ గోడ నీటిని పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. పీల్చడం, వదలడం రెండూ దాని ఆయుష్షులో భాగమే. పునాదిలో అడ్డుపట్టీ లేని గోడ కాబట్టి నేల చెమ్మ ఎప్పుడూ కొంత పైకి వస్తూనే ఉంటుంది.

అలాంటి గోడ మీద సిమెంటు పూసి, పుట్టీ పెట్టి, ప్లాస్టిక్ రంగు వేసి, పైన "వాటర్‌ప్రూఫ్" పూత వేస్తే ఏమవుతుందో పక్క ఊరి మసీదులో చూశాం. ఒక దాత మంచి మనసుతో రంజాన్‌కు ముందు చేయించారు. పండుగనాటికి మసీదు అద్దంలా మెరిసింది. రెండు వానలు గడిచేసరికి లోపలి వైపు, ఖిబ్లా గోడ మీద, నిలువెత్తున చెమ్మ ఎక్కింది. బయటికి దారి లేని నీరు లోపలికి తిరిగిందన్నమాట. పూత పలకలు పలకలుగా ఊడినప్పుడు దానితోపాటు నూరేళ్ల నాటి సున్నపు పూత కూడా ఊడివచ్చింది. డబ్బు పోవడం ఒక ఎత్తు. కట్టినవాళ్ల చేతిపని పోయింది, అది మళ్లీ రాదు.

కాబట్టి సున్నపు గోడకు మన సూచన ఇది. సీలర్ వద్దు. బీటలకు సున్నపు మసాలాయే, సిమెంటు కాదు. పైన సున్నం వెల్ల, ఏడాదికో రెండేళ్లకో ఒకసారి. చుట్టూ పోసిన మట్టి గోడ మీదికి ఎక్కి ఉంటే తవ్వి దించాలి, చూరు నీరు గోడకు దూరంగా పడేలా గొట్టం పెట్టాలి. వెల్ల చూడటానికి పాతకాలపు పనిలా ఉంటుంది, షాపింగ్ మాల్ మెరుపు రాదు. చేతికి తెల్లగా అంటుతుందని, షేర్వానీలు పాడవుతాయని జుమాకు వచ్చేవారి ఫిర్యాదు ఉండనే ఉంది. భుజం ఎత్తు దాకా గోడకు ఎడంగా చెక్క పలకలు, వెనక గాలి ఆడేలా, బిగిస్తే ఆ ఇబ్బంది తీరుతుంది.

పని చేయించే ముందు చూసుకోవలసిన పరీక్షలు చాలా సులువు. గోడ మీద చారెడు నీళ్లు చల్లండి. వెంటనే నల్లబడి ఇంకిపోతే గోడ దాహంతో ఉంది, సీలర్ పడుతుంది. బొట్లుగా జారిపోతే పాత సీలర్ ఇంకా పనిచేస్తోంది, డబ్బు మిగుల్చుకోవచ్చు. నేల మీద పూత వేసేముందు పద్దెనిమిది అంగుళాల చదరపు ప్లాస్టిక్ కాగితం నాలుగు వైపులా టేపుతో అంటించి, కనీసం పదహారు గంటలు ఉంచి తీయాలి. అడుగున తడి కనిపిస్తే ఎపాక్సీ అప్పుడే వద్దు. కొత్త కాంక్రీటుకు కనీసం 28 రోజులు ఆగాలి. చివరగా, కనబడని మూల ఒక గజం మేర వేయించి వారం రోజులు చూడాలి. ఈ వారం ఆగే ఓపిక లేక ఎన్ని గోడలు రంగు మారాయో!

మన ప్రాంతానికి తగిన కాలం ఫిబ్రవరి, మార్చి. గోడ ఆరి ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు. ఏప్రిల్ మధ్యాహ్నం కాలుతున్న గోడ మీద సిలేన్ చల్లితే అది ఇంకేలోపే సగం గాలిలో కలిసిపోతుంది. పొద్దున్నే మొదలుపెట్టి పదింటికల్లా ఆపేయాలి. నిలువు గోడకు కింది నుంచి పైకి, నీరు ధారగా జారేంత దట్టంగా వేయాలి, మొదటి తడి ఆరకముందే రెండో విడత. ద్రావకం ఉన్న రకాలు వాసనకు తల తిప్పుతాయి, నిప్పుకు అంటుకుంటాయి. పని జరిగే రోజుల్లో పిల్లలను ఆ గదుల్లో పడుకోనివ్వకూడదు, కూలీలకు మాస్కు ఇవ్వాలి, బీడీ ముట్టనివ్వకూడదు.

ఖర్చును లీటరు ధరతో కొలవకండి. మాట వరసకు, ఒక పూత చదరపు అడుగుకు 12 రూపాయలు, రెండేళ్లకోసారి వేయాలి. ఇంకొకటి 30 రూపాయలు, ఎనిమిదేళ్లు ఆగుతుంది. ఎనిమిదేళ్లలో మొదటిది నాలుగు విడతలు, 48 రూపాయలు. ప్రతి విడతకూ పరంజా కట్టాలి, కూలి ఇవ్వాలి, పిల్లల గదులు ఖాళీ చేయించాలి. కొటేషన్లు పోల్చేటప్పుడు ఏడాదికి ఎంత పడుతుందో రాసివ్వమని అడగాలి. డబ్బా మీద ముద్రించిన విస్తీర్ణం, వాడిన లీటర్లు, పూసిన చదరపు అడుగులు పొంతన కుదురుతున్నాయో లేదో కూడా చూడాలి. నీళ్లు కలిపి పలచన చేశారో లేదో అక్కడే తేలిపోతుంది.

దాతలు మరో విషయం గమనించాలి. జకాత్ ఎవరికి చెందాలో దివ్య ఖుర్ఆన్ తౌబా సూరాలో ఎనిమిది వర్గాలుగా చెప్పబడింది. అధిక సంఖ్యాకులైన ఉలమా అభిప్రాయం ప్రకారం కట్టడాల మరమ్మతుకు జకాత్ సొమ్ము వాడరాదు. అందువల్ల ఈ పనికి లిల్లాహ్ పద్దు నుంచే ఖర్చు పెట్టాలి, పిల్లల భోజనానికి వచ్చిన జకాత్ నుంచి ఒక్క రూపాయి కూడా ఇటు మళ్లకూడదు. రసీదు మీద "ఇమారత్ మరమ్మతు" అని మీరే రాయిస్తే లెక్క శుభ్రంగా ఉంటుంది.

ఇన్షా అల్లాహ్, ఈ ఫిబ్రవరిలో ముందుగా చేపట్టదలచినది యతీంఖానా దక్షిణం వైపు సన్‌షేడ్లు. మరమ్మతు, సిలేన్ రెండూ. ఖబ్రస్తాన్ ప్రహరీ తరువాత. మసీదు గోడకు సున్నం వెల్ల షాబాన్‌లో. పూసిన తేదీ, సరుకు పేరు, వాడిన లీటర్లు, చేసిన మేస్త్రీ పేరు ఒక రిజిస్టరులో రాసి ఆఫీసులో ఉంచుతాం, ఏటా వానలకు ముందు ఆ గోడల మీద నీళ్లు చల్లి ఫలితం అదే పేజీలో రాస్తాం. ఏ దాతైనా ఎప్పుడైనా వచ్చి ఆ రిజిస్టరు చూడవచ్చు. చెంబుతో నీళ్లు తీసుకుని స్వయంగా చల్లి చూసినా మాకు సంతోషమే.